దాక్కోవడానికి చోటులేని కాలేజీ



జూలై వచ్చిందంటే మన ఊళ్ళలో కొన్ని ఇళ్ళలో సూట్‌కేసులు తెరుచుకుంటాయి. ఒక్కో పెట్టె ఇరవై మూడు కిలోలు దాటకూడదని తూకం వేయడం, ఏదో ఒకటి తీయడం, మళ్ళీ పెట్టడం. ఇంటర్మీడియట్ అయిన అమ్మాయో అబ్బాయో ఆగస్టులో అమెరికా వెళ్తున్నారు. ఇదివరకు ఇక్కడ ఇంజినీరింగ్ చేసి, ఎం.ఎస్.కి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు చేరేది ముప్ఫై నలభై వేల మంది చదివే యూనివర్సిటీల్లో. విమానం దిగేసరికి సీనియర్లు కారు వేసుకుని వస్తారు, అద్దె ఇంట్లో అన్నం ఉడుకుతూ ఉంటుంది. ఇప్పుడు కొందరు పద్దెనిమిదేళ్ళకే డిగ్రీ చదవడానికి వెళ్తున్నారు. వాళ్ళలో బహు కొద్దిమంది చేరేది పదిహేను వందలో, రెండు వేలో మంది విద్యార్థులు మాత్రమే ఉండే లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో. ఇవాళ్టి నా ప్రసంగం ఆ కొద్దిమంది కోసం, వాళ్ళను పంపిస్తున్న అమ్మానాన్నల కోసం.

ముందు ఈ కాలేజీల సంగతి నాలుగు మాటల్లో. మసాచుసెట్స్ రాష్ట్రంలో విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, ఫిలడెల్ఫియా పక్కన స్వార్థ్‌మోర్, హావర్‌ఫర్డ్, అయోవాలో గ్రినెల్, మిన్నెసోటాలో కార్ల్‌టన్, మెకాలెస్టర్. ఇలాంటివి ఆ దేశంలో చాలా ఉన్నాయి. విలియమ్స్ 1793లో మొదలైంది, ఆమ్‌హర్స్ట్ 1821లో. వీటిలో చాలావాటిని మొదట్లో చర్చిల వాళ్ళే పెట్టారు. మన గుంటూరు ఏసీ కాలేజీని 1885లో మొదలుపెట్టింది అమెరికా లూథరన్లే కదా, ఇంచుమించు అదే వరస. పేరులో ఆర్ట్స్ అని ఉన్నా, ఈ కాలేజీల్లో ఫిజిక్సూ, లెక్కలూ, కంప్యూటర్ సైన్సూ చదవచ్చు. సంగీతమూ, చరిత్రా చదవచ్చు. రెంటినీ కలిపి కూడా చదవచ్చు. ఈ సంగతి బంధువులకు చెప్పి చెప్పి, పిల్లల్ని పంపే ఇళ్ళలోవాళ్ళు అలిసిపోయి ఉంటారు. ఈ కాలేజీలు చాలావరకు డిగ్రీతోనే ఆగిపోతాయి. పీహెచ్‌డీ విద్యార్థులు ఉండరు. కాబట్టి మొదటి ఏడాది క్లాసుకు వచ్చేది ప్రొఫెసరే, మీ పేపరు దిద్దేదీ ఆయనే. లాబ్‌లో సాయానికి ఆయనకు దొరికేదీ మీరే. అన్నట్టు, ఇదే తరహా చదువు మన శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీలో 2019 నుంచి నడుస్తోంది. అక్కడ చేరేవాళ్ళకు కూడా నేను చెప్పబోయేదాంట్లో సగం పనికొస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. బయల్దేరే ముందు ఏం సిద్ధం చేసుకోవాలని అడిగితే మనవాళ్ళు చెప్పే మొదటి జవాబు, సెకండియర్ కాలిక్యులస్ మళ్ళీ ఒకసారి తిరగేసుకొమ్మని. నా ఉద్దేశంలో అది అక్కర్లేని పని. లెక్కల్లో మన పిల్లలకు అక్కడ మొదటి ఏడాది ఇబ్బంది రావడం అరుదు. వాళ్ళకు కష్టమయ్యేది మాట్లాడటం.

మన ఇంటర్ చదువు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా క్లాసులు, స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు. సెక్షన్‌కు అరవై, డెబ్భై మంది. లెక్చరర్ చెప్పుకుంటూ పోతారు, పిల్లలు రాసుకుంటూ పోతారు. ఆఖరి నిమిషంలో "డౌట్లేమైనా ఉన్నాయా?" అంటారు. బెల్ కొట్టే ముందు డౌట్ అడిగినవాణ్ణి మిగతా క్లాసంతా ఎలా చూస్తుందో అందరికీ అనుభవమే. రెండేళ్ళ పాటు నోరు మూసుకుని వింటే, ఈఏపీసెట్‌లో నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తు పెడితే, మంచి విద్యార్థి అనిపించుకున్నట్టే. ఆ పిల్లవాడు నిజంగానే మంచి విద్యార్థి. వెయ్యికి తొమ్మిది వందల ఎనభై తెచ్చుకున్న బుర్ర మీద నాకు ఏ అనుమానమూ లేదు. అనుమానమంతా ఆ మౌనం మీదే.

ఎందుకంటే, అక్కడ మొదటి ఏడాది తరగతిలో చాలాసార్లు ఉండేది పదిహేను మంది. బల్ల చుట్టూ కూర్చుంటారు. వెనక బెంచీ ఉండదు. ప్రొఫెసరుకు రెండో వారానికల్లా అందరి పేర్లూ వచ్చేస్తాయి. ఆయన పాఠం మొదలుపెట్టకుండా, "నిన్న రాత్రి చదివినదాంట్లో మీకు నచ్చనిది ఏమిటి?" అని అడిగి ఊరుకుంటారు. గదిలో ఎవరో ఒకరు మాట్లాడేదాకా ఊరుకునే ఉంటారు. విలియమ్స్‌లో ట్యుటోరియల్ అని ఒక పద్ధతి ఉంది. ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసరు, అంతే క్లాసు. ఒక వారం ఒకరు వ్యాసం రాసుకొస్తే, రెండో మనిషి దాన్ని తప్పుపట్టాలి. మరుసటి వారం తారుమారు. అందులో దాక్కోవడానికి చోటెక్కడుంది? చాలా కోర్సుల్లో పది శాతమో, ఇరవై శాతమో మార్కులు క్లాసులో మాట్లాడినందుకే ఉంటాయి. నోరు విప్పనివాడు వినయంగా ఉన్నాడని అక్కడ ఎవరూ అనుకోరు. చదవకుండా వచ్చాడనుకుంటారు.

అయితే ఇప్పుడు ఏం చెయ్యాలి? మిగిలిన ఈ కొద్ది వారాల్లో రోజూ చేయదగ్గ పని ఒకటి చెబుతాను. కొన్ని కాలేజీలు వేసవిలోనే ఒక పుస్తకం పంపి, అందరూ చదివి రండి అంటాయి. అలా పంపితే అదే పట్టుకోండి. లేకపోతే కథ కానిది, వాదన ఉన్నది, ఇంగ్లీషులో ఏదైనా మంచి పుస్తకం తీసుకోండి. పెన్సిల్ చేత్తో పట్టుకుని రోజుకు ఇరవై ముప్ఫై పేజీలు చదవండి. పుస్తకం మూసేయండి. ఈయన ఏమంటున్నాడు, ఎక్కడ నాకు ఒప్పుదల కాలేదు అన్నది మీ సొంత మాటల్లో ఒక పేజీ రాయండి. ఆ తర్వాత ఇంట్లో ఎవరో ఒకరిని కూర్చోబెట్టి అయిదు నిమిషాలు చెప్పండి. తాతయ్య దొరికితే మరీ మంచిది, ఆయన మధ్యలో అడ్డుతగులుతారు. మనక్కావలసింది అదే. ఇంగ్లీషు యాస గురించి బెంగ పెట్టుకోవద్దు. నాలిక తిప్పి అమెరికా యాస తెచ్చిపెట్టుకుంటే వినేవాళ్ళకు మరింత కష్టం. నిదానంగా, స్పష్టంగా, మనలాగే మాట్లాడితే చాలు. అక్కడి క్లాసులో వియత్నాం నుంచీ, ఘనా నుంచీ వచ్చినవాళ్ళు కూడా వాళ్ళ వాళ్ళ యాసతోనే మాట్లాడుతుంటారు. మెకాలెస్టర్‌లో 1961లో డిగ్రీ పుచ్చుకున్న ఘనా విద్యార్థి కోఫీ అన్నన్ తర్వాత ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి అయ్యాడు.

మొదటి వారంలో ప్రతి క్లాసులోనూ మొదటి పావుగంటలోపే ఒక్క మాటైనా అనేయండి. ప్రశ్న అయినా సరే. ఆలస్యమయ్యే కొద్దీ నోరు తెరవడం కష్టమవుతుంది. నాలుగో వారం దాకా మాట్లాడని మనిషి అయిదో వారంలో మాట్లాడబోతే అందరూ తలెత్తి చూస్తారు. ఆ చూపులకు భయపడి సెమిస్టరంతా నోరు విప్పని పిల్లలు ఉన్నారు.

మాట్లాడటం తర్వాత రాయడం. గ్రినెల్‌లో మొదటి సెమిస్టర్‌లో అందరూ తప్పనిసరిగా చేయవలసిన కోర్సు ఒక్కటే, దాన్ని కూడా ట్యుటోరియల్ అనే అంటారు. ఒక విషయం పట్టుకుని చదవడం, వాదించడం, రాయడం, తిరగరాయడం నేర్పుతారు. ఆమ్‌హర్స్ట్‌లో కూడా అందరూ చేసి తీరాల్సింది మొదటి ఏడాది సెమినార్ ఒక్కటే. మన దగ్గర వ్యాసం అంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు, మధ్యలో మహనీయుల సూక్తులు రెండు. అక్కడ అది పనికిరాదు. "నీ మాట ఏమిటి? దానికి ఆధారమేమిటి?" అనే రెండు ప్రశ్నలే ఉంటాయి. మొదటి వ్యాసం తిరిగొచ్చేసరికి అంచుల నిండా రాతలుంటాయి. కింద బి మైనస్ అని ఉండవచ్చు. జీవితంలో ఎప్పుడూ తొంభై ఐదు శాతానికి తగ్గని పిల్లకు ఆ రోజు అన్నం దిగదు. అందరికీ అలాగే ఉంటుందని తెలిసే కాబోలు, స్వార్థ్‌మోర్‌లో మొదటి సెమిస్టర్‌కు గ్రేడ్లే వేయరు. పాసయ్యారా లేదా అన్నదే రికార్డులోకి ఎక్కుతుంది. మిగతా కాలేజీల్లో చాలావాటిలో ఆ సదుపాయం లేదు కాబట్టి, మొదటి బి మైనస్‌కు ఇప్పటినుంచే మనసు గట్టి చేసుకోవడం మంచిది. అంచులో రాసిన రాతలు తిట్లు కావు. మీ పేపరు ఒక మనిషి అక్షరం అక్షరం చదివాడనడానికి అవే రుజువు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గైడులోంచి పేరా ఎత్తి రాయడం మన దగ్గర తప్పుగా ఎవరూ చూడరు. చాలాచోట్ల అలా రాస్తేనే మార్కులు. అక్కడ మరొకరి వాక్యం పేరు చెప్పకుండా వాడితే విచారణ దాకా పోతుంది. హావర్‌ఫర్డ్‌లో పరీక్ష గదిలో కాపలా ఉండదు. చాలా పరీక్షలు గదికి తీసుకెళ్ళి రాసుకోవచ్చు, టైము మీరే చూసుకోవాలి. విద్యార్థులే నడిపే నియమావళి అది, తప్పు జరిగితే విచారించేదీ విద్యార్థులే. అంత నమ్మకం ఉంచినచోట మోసం చేస్తే శిక్ష కూడా అంత గట్టిగానే ఉంటుంది. కంప్యూటర్ చేత రాయించుకునే విషయంలో ఒక్కో ప్రొఫెసరుది ఒక్కో పద్ధతి. కోర్సు మొదటి రోజు ఇచ్చే సిలబస్ కాగితంలో అది రాసి ఉంటుంది. సిలబస్ అంటే మన దగ్గరలాగా పాఠాల జాబితా అనుకునేరు. ఏ రోజు ఏం చదివి రావాలి, ఏ గంటకు పేపరివ్వాలి, ఆలస్యమైతే ఎంత కోత, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ తర్వాత ఎవరూ గుర్తు చెయ్యరు.

ఒక ప్రొఫెసరుకు మనం తెలిసి ఉండటం ఎంత మేలో చెప్పే కథ ఒకటి ఇప్పుడు. నిజంగా జరిగింది. గ్రినెల్ కాలేజీలో రాబర్ట్ నోయిస్ అనే కుర్రాడు ఫిజిక్స్ చదివేవాడు. 1948లో హాస్టల్ విందు కోసం, స్నేహితుడితో కలిసి దగ్గర్లోని పొలం నుంచి ఒక పందిపిల్లను దొంగిలించాడు. మర్నాడు ఇద్దరూ బుద్ధి తెచ్చుకుని, వెళ్ళి ఒప్పుకుని, డబ్బిస్తామన్నారు. కానీ అయోవా పందుల పెంపకం రాష్ట్రం, అక్కడ అది చిన్న నేరం కాదు. కాలేజీలోంచి పంపేయాల్సిందే. అప్పుడు గ్రాంట్ గేల్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరూ, కాలేజీ అధ్యక్షుడూ కలిసి మాట్లాడి, శిక్షను ఒక సెమిస్టర్ సస్పెన్షన్‌కు తగ్గించారు. గేల్‌కు ఆ కుర్రాడు స్కూల్ రోజుల నుంచే తెలుసు. నోయిస్ తిరిగి వచ్చేసరికి గేల్ దగ్గర ఒక వింత వస్తువుంది. బెల్ లాబ్స్‌లో అప్పుడే పుట్టిన ట్రాన్సిస్టర్. దాన్ని కనిపెట్టినవాళ్ళలో ఒకరైన జాన్ బార్డీన్ ఆయనకు పాత పరిచయం. అలా మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ చిన్న కాలేజీలో, పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో చాలామంది చూడకముందే, నోయిస్ ట్రాన్సిస్టర్‌ను చూశాడు. 1949లో డిగ్రీ పుచ్చుకున్నాడు. పదేళ్ళకు ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ కనిపెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. 1968లో గోర్డన్ మూర్‌తో కలిసి ఇంటెల్ పెట్టాడు. పందిపిల్ల భాగం మాత్రం పిల్లలెవరూ ఆదర్శంగా తీసుకోకండి. గేల్ భాగం తీసుకోండి. మిమ్మల్ని పేరుతో, గుణంతో ఎరిగిన ఒక్క ప్రొఫెసరు ఉండటమే ఈ కాలేజీలో మీరు కట్టే ఫీజుకు దొరికే అసలు ప్రతిఫలం. అది తనంత తానుగా దొరకదు. తలుపు తట్టాలి.

ఆ తట్టడానికే ఆఫీస్ అవర్స్ అని వారంలో కొన్ని గంటలు పెడతారు. తలుపు తీసే ఉంటుంది, ప్రొఫెసరు లోపల ఖాళీగా కూర్చుని ఉంటారు. మనవాళ్ళు ఏదైనా తప్పు చేస్తేనే స్టాఫ్ రూమ్‌కు వెళ్ళాలనుకుంటారు. అక్కడ వెళ్ళనివాడిదే నష్టం. మొదటి రెండు వారాల్లో ప్రతి ప్రొఫెసరు దగ్గరికీ ఒక్కసారి వెళ్ళండి. పెద్ద సందేహమేమీ అక్కర్లేదు. "మీరు చెప్పిన ఫలానా విషయం నాకు పూర్తిగా అర్థం కాలేదు" అంటే చాలు. పిలవడం దగ్గర కూడా తడబాటు ఉంటుంది. ఎర్ల్‌హామ్ లాంటి క్వేకర్ కాలేజీల్లో ప్రొఫెసర్లను పేరు పెట్టే పిలుస్తారు. మనకు నోరు రాదు. మరీ ఇబ్బందిగా ఉంటే "ప్రొఫెసర్" అని ఇంటిపేరు చేర్చి పిలవండి, ఎక్కడా తప్పుండదు. "సార్" అని లేచి నిలబడకండి, ఆయన కంగారు పడతారు.

కోర్సుల ఎంపిక గురించి ఇళ్ళలో గొడవలు జరుగుతాయని నాకు తెలుసు. సెమిస్టర్‌కు నాలుగు కోర్సులు. అబ్బాయి నాలుగింటిలో మూడు కంప్యూటర్లూ, లెక్కలూ పెట్టాలని నాన్నగారి పట్టు. "లక్షలు పోసేది నాటకాలు చదవడానికా?" అన్నది వారి మాట. అయ్యా, నాటకాల క్లాసు అక్కర్లేదనుకుంటే ఆ కాలేజీకి పంపనక్కర్లేదు. చివరిదాకా కంప్యూటర్ సైన్స్ ఒక్కటే చదివి, క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో ఉద్యోగం చూసుకోవాలన్నదే లక్ష్యమైతే పెద్ద యూనివర్సిటీయే మేలు. అక్కడ కోర్సులెక్కువ, వచ్చే కంపెనీలెక్కువ. చిన్న కాలేజీలో చేరారంటే మొదటి ఏడాది కనీసం ఒక్కటైనా మీకు బొత్తిగా తెలియని విషయం తీసుకోండి. మొదటి ఒకటి రెండు వారాల్లో కోర్సు మార్చుకోవచ్చు కూడా. కాకపోతే క్యాలెండర్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, చూసుకోవాలి. కార్ల్‌టన్‌లో టర్ము పది వారాలే. కొలరాడో కాలేజీలో 1970 నుంచి ఒకసారికి ఒకే కోర్సు, మూడున్నర వారాల్లో అయిపోతుంది. అక్కడ జ్వరమొచ్చి రెండు రోజులు పడుకుంటే ఎంత పాఠం పోతుందో మీరే లెక్క వేసుకోండి.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను, దాని మీద సలహాలకు కొదవ లేదు. కాలేజీ అడిగిన టీకాల కాగితాలు ఇప్పుడే పూర్తి చేయించుకోండి. మనకు చిన్నప్పుడు బీసీజీ వేస్తారు కాబట్టి చర్మం మీద చేసే టీబీ పరీక్ష ఉబ్బి కంగారు పెట్టవచ్చు. రక్తపరీక్షతో సరిపెట్టవచ్చేమో కాలేజీ ఆరోగ్య కేంద్రాన్ని అడగండి. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి రండి, రెండో జత కళ్ళద్దాలు చేయించుకోండి. అక్కడ విద్యార్థి ఇన్సూరెన్స్ చాలాచోట్ల వీటిని చూడదు. పచ్చి కరివేపాకు పెట్టెలో పెట్టకండి. అది నిమ్మ జాతి మొక్క, నిమ్మ తోటలను చంపే తెగులు దాని మీద వాలే పురుగుతో వస్తుందని అమెరికా దాన్ని రానివ్వదు. రైస్ కుక్కర్‌ను డార్మ్, అంటే హాస్టల్, గదుల్లో చాలాచోట్ల ఒప్పుకోరు, మెస్సులో తినాల్సిందే. చలికోటు ఇక్కడ కొనకండి. హైదరాబాద్‌లో అమ్మే జాకెట్ మిన్నెసోటా జనవరికి ఏ మూలకూ చాలదు. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, ఆ తర్వాత శీతాకాలపు సెలవులు. కొన్నిచోట్ల డార్మ్‌లు మూసేస్తారు. ఎక్కడ ఉండాలో అక్టోబరులోనే అడిగిపెట్టుకోండి. ఊళ్ళో కుటుంబాలు విదేశీ విద్యార్థులను పండగలకు ఇంటికి పిలిచే ఏర్పాటు చాలా కాలేజీల్లో ఉంది. దానికి పేరివ్వండి, మొహమాటపడకండి. క్యాంపస్‌లో పని దొరికితే, క్లాసులు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలు దాటకూడదు. మొదటి ఏడాది క్యాంపస్ బయట పని చేయకూడదు. వీసా నియమం అది, దానితో ఆటలొద్దు.

ఒంటరితనం గురించి కూడా చెప్పాలి. గ్రినెల్ ఊరి జనాభా పదివేలు లేదు. మన సరుకులు కావాలంటే గంట ప్రయాణం చేసి డి మొయిన్ నగరానికి పోవాలి. తెలుగు మాట్లాడేవాళ్ళు కాలేజీ మొత్తంలో ఇద్దరు దొరికితే అదృష్టం. పెద్ద యూనివర్సిటీలో తెలుగువాళ్ళ గుంపులో కలిసిపోయి నాలుగేళ్ళూ గడిపేయవచ్చు. ఇక్కడ ఆ దారి లేదు. మొదటి నెల బాధగా ఉంటుంది. కానీ చిన్న కాలేజీలో కనిపించకుండా పోవడం కూడా కష్టమే. మూడు క్లాసులకు రాకపోతే ఎవరో ఒకరు ఏమైందని అడుగుతారు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళడం పిచ్చికి గుర్తు కాదు, జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్ళడం లాంటిదే.

తల్లిదండ్రులకు రెండు మాటలు. అక్కడి కాలేజీ మీకు మార్కుల పట్టీ పంపదు, ఫోన్ చేసి అడిగినా చెప్పదు. కాలేజీలో చేరాక చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిదే అని 1974లో చేసిన చట్టం ఉంది. కాబట్టి పిల్లలు చెప్పిందే మీకు తెలుస్తుంది. వాళ్ళు నిజం చెప్పాలంటే బి మైనస్ విన్నప్పుడు మీ గొంతు మారకూడదు. ఆగస్టులో మీకు రాత్రి తొమ్మిదైతే అయోవాలో పొద్దున పదిన్నర, క్లాసులో ఉంటారు. ఫోన్ ఎత్తలేదని ఇంట్లో అందరూ వరసపెట్టి ఫోన్లు చెయ్యకండి. వారానికి రెండు రోజులు, ఒక వేళ అనుకుని మాట్లాడుకోండి.

విద్యార్థులకు ఒక్క మనవి. ఈపాటికి కాలేజీ మీకు ఒక సలహాదారుణ్ణి కేటాయించి ఉంటుంది. గ్రినెల్‌లోనైతే మీ ట్యుటోరియల్ ప్రొఫెసరే సలహాదారు. చాలామంది ప్రొఫెసర్లు వేసవిలోనే పలకరిస్తూ ఈమెయిల్ పంపుతారు. ఏ కోర్సులు చూస్తున్నారు, ఏమంటే ఇష్టం అని అడుగుతారు. అది ఊరికే మర్యాదకు పంపింది కాదు, ఆయన నిజంగానే మీ జవాబు కోసం చూస్తుంటారు. నాన్నగారి చేతో, కన్సల్టెన్సీ చేతో రాయించకండి. మీ ఇంగ్లీషులో, నాలుగు వాక్యాలైనా సరే, ఈ రాత్రే మీరే రాసి పంపండి.